కాగితపు బంధువు, కాగితపు రోగి: పల్నాడులో వైద్య మోసాల విచారణ – ప్రభుత్వ న్యాయవాది స్థానం

వ్యాస సంగ్రహం

వైద్యరంగంలో జరిగే మోసాలను న్యాయస్థానంలో నిరూపించే బాధ్యత చివరకు ప్రభుత్వ న్యాయవాదిపై పడుతుంది. అయితే ఆ బాధ్యతకు తగిన చట్టసాధనాలు అతనికి ఎప్పుడు, ఏ మేరకు అందాయన్న విషయంపై తెలుగులో జరిగిన చర్చ తక్కువ. పల్నాడు ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని, 1990ల చివరి నుంచి నేటి వరకు వెలుగుచూసిన మూత్రపిండాల వ్యాపారాన్ని, ఆరోగ్యశ్రీ వంటి పథకాలలో తప్పుడు క్లెయిముల సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మోసాలన్నింటికీ మూలం కాగితమేనని, ఆ కాగితాన్ని అబద్ధమని చెప్పగల ఏకైక సాక్షి పేదవాడేనని, ఆ పేదవాణ్ణి కూడా నేరస్థుడిగా చూసే చట్టం ప్రభుత్వ న్యాయవాది చేతులు కట్టివేస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పల్నాడు, రెంటచింతల, పబ్లిక్ ప్రాసిక్యూటర్, అవయవ మార్పిడి చట్టం, ఆరోగ్యశ్రీ, తప్పుడు క్లెయిము, సాక్షి.

1. ఉపోద్ఘాతం

పల్నాడు అనగానే చరిత్ర విద్యార్థికి కారెంపూడి, నాగులేరు, బ్రహ్మనాయుడు, నాగమ్మ గుర్తుకు వస్తారు. ఇటీవలి కాలపు చరిత్ర రాసేవారికి మాచర్ల, గురజాల ప్రాంతాల ముఠా కక్షలు, ఎన్నికల ఘర్షణలు కనిపిస్తాయి. ఈ రెండింటి నడుమ పెద్దగా నమోదు కాని మరో చరిత్ర ఉంది. అది అప్పులపాలైన రైతు శరీరానికి, ఆసుపత్రికి, న్యాయస్థానానికి మధ్య నడిచిన చరిత్ర. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేంతవరకు ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో భాగం. అందువల్ల ఇక్కడి కేసుల ప్రస్తావనలు ఎక్కువగా గుంటూరు పేరిటే కనిపిస్తాయి.

‘ప్రభుత్వ న్యాయవాది’ అనే మాటను వాడుకలో రెండు పదవులకు ఉపయోగిస్తారు. ప్రభుత్వం తరఫున సివిల్ వ్యాజ్యాలు నడిపేవారు గవర్నమెంట్ ప్లీడరు. క్రిమినల్ కేసులు నడిపేవారు సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్, మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. కోర్టు ఆవరణలో వీరిని జి.పి., పి.పి., ఎ.పి.పి. అని పిలుస్తారు. వైద్య మోసాల విషయంలో ఈ విభజనకు ప్రాధాన్యం ఉంది. పోయిన ప్రజాధనాన్ని తిరిగి రాబట్టడం ఒకరి పని, నేరస్థుడికి శిక్ష పడేలా చూడటం మరొకరి పని. రెండు పనులను కలిపి చూసే వ్యవస్థ మన దేశంలో ఏర్పడలేదు.

ఈ వ్యాసం వైద్య మోసాలను మూడు రకాలుగా విభజించుకుంటుంది. ఒకటి, బంధువు కాని వ్యక్తిని కాగితం మీద బంధువుగా మార్చి అవయవాన్ని తీసుకోవడం. రెండు, ఆసుపత్రికి రాని మనిషిని కాగితం మీద రోగిగా చూపి డబ్బు పొందడం. మూడు, నిజంగానే ఆసుపత్రికి వచ్చిన మనిషికి కాగితం మీద లేని రోగాన్ని అంటగట్టి అవసరం లేని చికిత్స చేయడం.

2. నేపథ్యం: మెట్ట పొలం, పత్తి, అప్పు

నాగార్జునసాగర్ కుడి కాలువ పల్నాడు ముఖచిత్రాన్ని మార్చింది. అయితే అంతటినీ ఒకే విధంగా మార్చలేదు. కాలువ కింద వరి పండే ఊళ్లకు కొద్ది దూరంలోనే వాన మీదా బోరు మీదా ఆధారపడే ఊళ్లున్నాయి. దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల మెట్ట భూములలో పత్తి, మిర్చి ప్రధాన పంటలయ్యాయి. ఈ రెండూ పెట్టుబడి ఎక్కువగా కోరే పంటలు. విత్తనం, పురుగుమందు, కౌలు అన్నీ అప్పు మీద నడిచేవి. మందులు అరువిచ్చిన వ్యాపారే పంట కొనే వ్యాపారి కావడం వల్ల రైతుకు బేరమాడే శక్తి లేకపోయింది.

1997–98లో పురుగు ఉధృతికి పత్తి పంట దెబ్బతిన్నది. వరంగల్లు, గుంటూరు తదితర జిల్లాలలో రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. ఆ తరువాత కొద్ది కాలానికే, 2000 ప్రాంతంలో, రెంటచింతల పేరు వార్తలలోకి వచ్చింది. అప్పులు తీర్చడానికి అక్కడి రైతులు, కూలీలు మూత్రపిండాలు అమ్ముకున్నారని పత్రికలు రాశాయి. రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊరిగా అంతవరకు తెలిసిన రెంటచింతల, వ్యవసాయ సంక్షోభంపై వచ్చిన రచనలలో ఒక ఉదాహరణగా స్థిరపడింది.

ఈ ఉదంతాన్ని పరిశోధకులు సాధారణంగా వ్యవసాయ సంక్షోభంలో భాగంగానే చూశారు. న్యాయచరిత్ర దృష్టితో చూస్తే మరో ప్రశ్న ఎదురవుతుంది. అవయవాల క్రయవిక్రయాలను నిషేధించే చట్టం అప్పటికే అమలులో ఉంది. చట్టం ప్రకారం ముక్కూమొహం తెలియని వ్యక్తి నుంచి డబ్బిచ్చి మూత్రపిండం తీసుకోవడానికి వీల్లేదు. మరి ఆ శస్త్రచికిత్సలు చట్టబద్ధంగా పేరున్న ఆసుపత్రులలో ఎలా సాధ్యమయ్యాయి? దీనికి సమాధానం కాగితంలో దొరుకుతుంది.

3. కాగితపు బంధువు

పార్లమెంటు 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. అది 1995 ఫిబ్రవరి 4న గోవా, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్రలలోను, కేంద్రపాలిత ప్రాంతాలలోను అమలులోకి వచ్చింది. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం కనుక మిగిలిన రాష్ట్రాలు శాసనసభ తీర్మానం ద్వారా దానిని స్వీకరించాలి. ఆంధ్రప్రదేశ్ ఆ మార్గం అనుసరించక 1995లో తన సొంత చట్టం చేసుకుంది. దీని పర్యవసానం న్యాయస్థానంలో కనిపిస్తుంది. 2011లో పార్లమెంటు కేంద్ర చట్టాన్ని సవరించింది. ఆ సవరణ 2014 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అవయవ వ్యాపారానికి శిక్ష రెండు నుంచి ఏడేళ్లుగా ఉండగా, సవరణతో అయిదు నుంచి పదేళ్లకు పెరిగింది. పది, ఇరవై వేల రూపాయల జరిమానా 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు పెరిగింది. అయితే సొంత చట్టమున్న రాష్ట్రానికి ఆ పెంపు దానంతట అదే వర్తించదు. తెలంగాణ శాసనసభ కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తీర్మానం చేసింది 2025 మార్చిలోనే. కనుక పల్నాడు దాతకు సంబంధించిన కేసు చేతికి రాగానే ప్రాసిక్యూటర్ ముందుగా తేల్చుకోవలసింది ఏ చట్టం వర్తిస్తుందన్న సంగతి. 2025కు ముందు బేరం రెంటచింతలలో కుదిరి శస్త్రచికిత్స ఢిల్లీలో జరిగితే ఒక చట్టం, హైదరాబాదులో జరిగితే మరొక చట్టం వర్తించేవి.

రెండు చట్టాల మూలసూత్రం ఒకటే. తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు, భార్యాభర్తలు వంటి సమీప బంధువులు అవయవం ఇవ్వవచ్చు. బంధువు కానివారు ప్రేమాభిమానాలతోనో, ప్రత్యేక కారణంతోనో ఇవ్వదలిస్తే అధీకృత సంఘం ముందస్తు అనుమతి కావాలి. ఈ రెండు ద్వారాలూ కాగితంతోనే తెరుచుకుంటాయి. రేషను కార్డులోనో ఆధార్‌లోనో పేరు, చిరునామా మారిస్తే అపరిచితుడు తమ్ముడవుతాడు. ఫొటో మారిస్తే మరొకరి భార్య ఈమె భార్యాస్థానంలో నిలుస్తుంది. లేదా ‘అభిమానంతో ఇస్తున్నాను’ అన్న ప్రమాణపత్రం మీద వేలిముద్ర పడుతుంది.

దాత ఒక రాష్ట్రంవాడు, శస్త్రచికిత్స మరో రాష్ట్రంలో అయినప్పుడు ఈ కాగితాలను ఎవరు పరిశీలించాలన్న ప్రశ్న కుల్దీప్ సింగ్ వర్సెస్ తమిళనాడు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పంజాబుకు చెందినవారు చెన్నైలో శస్త్రచికిత్సకు అనుమతి కోరిన కేసది. దాత, గ్రహీతలు నివసించే రాష్ట్రంలోని సంఘమే వారి సంబంధాన్ని, ఆర్థిక స్థితిని సరిగా విచారించగలదని న్యాయస్థానం 2005లో తేల్చింది. దాంతో విచారణ భారం దాత సొంత ఊరికి, అంటే స్థానిక తహసీల్దారు కార్యాలయానికి, పోలీసు స్టేషనుకు చేరింది. 2014 నియమాలు దాత, గ్రహీతల ఆదాయాల మధ్య తేడాను పరిశీలించాలని, వారి మధ్య పరిచయానికి ఆధారాలు చూడాలని, సంభాషణను వీడియో తీయాలని నిర్దేశించాయి.

2017 చివరలో నరసరావుపేట కేంద్రంగా వెలుగుచూసిన కిడ్నీల వ్యవహారాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. దాత గుర్తింపు, నివాస పత్రాలపై రెవెన్యూ కార్యాలయ స్థాయిలో కలిగిన అనుమానం పోలీసు కేసుకు దారితీసింది. శస్త్రచికిత్స గది వరకు వెళ్లకముందే కాగితం దగ్గర మోసం ఆగగలదని ఆ ఉదంతం చూపింది. రెంటచింతల నాటికి లేని స్థానిక పరిశీలన ఈ రెండు ఉదంతాల మధ్య కాలంలో బలపడటమే ఇందుకు కారణం.

4. నేరస్థుడైన సాక్షి

మోసం బయటపడటం వేరు, నిరూపణ కావడం వేరు. ప్రాసిక్యూటర్ ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి. వాటిలో మొదటిది కేసు దాఖలు పద్ధతి. కేంద్ర చట్టం 22వ సెక్షన్ ప్రకారం అవయవ మార్పిడి నేరాన్ని న్యాయస్థానం పోలీసు నివేదిక ఆధారంగా విచారణకు స్వీకరించడానికి వీల్లేదు. చట్టం నిర్దేశించిన ‘సముచిత అధికారి’ ఫిర్యాదు చేయాలి. లేదా ఆ అధికారికి 60 రోజుల నోటీసు ఇచ్చిన వ్యక్తి ఫిర్యాదు చేయాలి. 2008లో గుర్‌గావ్‌లో బయటపడిన కిడ్నీ ముఠా కేసులో, జీవన్ కుమార్ రౌత్ వర్సెస్ సి.బి.ఐ. తీర్పు ద్వారా 2009లో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. గడువులోగా అభియోగపత్రం దాఖలు కాలేదు కనుక బెయిలు హక్కు ఏర్పడిందని నిందితులు వాదించారు. ఈ ప్రత్యేక చట్టం కింద పోలీసు అభియోగపత్రానికి తావే లేదని, ఫిర్యాదే మార్గమని, కనుక ఆ హక్కు వర్తించదని న్యాయస్థానం చెప్పింది.

ఆ కేసులో ప్రాసిక్యూషన్‌కు అది ఉపకరించిన తీర్పే. కాని మండల స్థాయిలో దాని ఫలితం వేరుగా ఉంటుంది. మోసం, ఫోర్జరీ, కుట్ర నేరాలకు పోలీసులు అభియోగపత్రం వేస్తారు. అవయవ వ్యాపార నేరానికి వైద్యశాఖ అధికారి విడిగా ఫిర్యాదు చేయాలి. ఆ అధికారి కదలకపోతే అవయవం అమ్మిన, కొన్న నేరం పక్కకు తప్పుకొని కాగితం దిద్దిన నేరం మాత్రమే న్యాయస్థానం ముందు మిగులుతుంది. శరీరానికి జరిగిన హాని ఫోర్జరీ కేసుగా కుదించుకుపోతుంది.

రెండవ ఇబ్బంది మరింత లోతైనది. కేంద్ర చట్టం 19వ సెక్షన్ అవయవానికి డబ్బు ఇచ్చినవారిని, పుచ్చుకున్నవారిని ఒకే వాక్యంలో నేరస్థులుగా చేర్చింది. అంటే అప్పు తీర్చడానికి మూత్రపిండం ఇచ్చిన పల్నాడు కూలీ, లక్షలు గడించిన దళారి, కళ్లు మూసుకున్న వైద్యుడు ముగ్గురూ చట్టం దృష్టిలో ఒకే వరుసలో నిలబడతారు. ఈ లావాదేవీని మొదటి నుంచి చివరి వరకు చూసిన సాక్షి ఆ కూలీ ఒక్కడే. దళారి ఏ ఇంట్లో బేరమాడాడో, సంఘం ముందు ఏం చెప్పాలని నేర్పాడో, ఎంత ఇస్తానని ఎంత ఇచ్చాడో అతనికే తెలుసు. అతను నోరు విప్పితే నేరం ఒప్పుకున్నట్లవుతుంది. నోరు విప్పకపోతే కేసు నిలవదు.

2024 జులైలో గుంటూరుకు చెందిన ఒక ఆటో డ్రైవరు పోలీసు ఉన్నతాధికారులను ఆశ్రయించాడు. మూత్రపిండానికి 30 లక్షల రూపాయలు ఇస్తామని నమ్మించి, విజయవాడలో శస్త్రచికిత్స అయ్యాక సుమారు లక్ష రూపాయలు మాత్రమే చేతిలో పెట్టారని అతని ఆరోపణ. ఇటువంటి ఫిర్యాదులు ఎందుకు అరుదో ఈ ఉదంతమే చెబుతుంది. సాధారణంగా దాత గడప దాటేది బేరం చెడినప్పుడే. చెప్పిన డబ్బు పూర్తిగా అందిన దాతకు ఫిర్యాదు చేసే కారణం లేదు. అందని దాతకు ఫిర్యాదు చేసే ధైర్యం ఉండదు. కనుక న్యాయస్థానాలకు చేరిన కేసుల సంఖ్యను బట్టి ఈ వ్యాపారం పరిమాణాన్ని అంచనా వేయడం పరిశోధకులకు సాధ్యం కాదు.

చట్టంలో దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది క్షమాదానం. నేరంలో పాలుపంచుకున్న వ్యక్తి ఉన్నదున్నట్లు చెబుతానంటే న్యాయస్థానం అతనికి క్షమాపణ ప్రసాదించి సాక్షిగా మార్చవచ్చు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 306వ సెక్షన్‌గా ఉన్న ఈ అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహితలో 343వ సెక్షన్‌గా కొనసాగింది. అయితే సహనేరస్థుడి సాక్ష్యాన్ని ఇతర ఆధారాల బలం లేకుండా నమ్మరాదన్న జాగ్రత్తను న్యాయస్థానాలు పాటిస్తాయి. రెండవది మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం. దళారుల ఒత్తిడికి సాక్షి ఎదురు తిరగకముందే అతని మాటను ప్రమాణపూర్వకంగా నమోదు చేయించడం దీని ప్రయోజనం. కాని నిందితుడిగా ఉన్నంతకాలం అతన్ని ప్రమాణం మీద విచారించలేరు.

మూడవ మార్గం 2013లో ఏర్పడింది. ఆ ఏడాది సవరణతో శిక్షాస్మృతి 370వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణాకు కొత్త నిర్వచనం ఇచ్చింది. దోపిడీ అన్న మాటలో శారీరక దోపిడీని, బలవంతంగా అవయవాలు తొలగించడాన్ని చేర్చింది. డబ్బు ఆశచూపి తరలించడం కూడా అందులో ఒక పద్ధతి. బాధితుడి సమ్మతి అప్రస్తుతమని ఆ సెక్షనే చెప్పింది. భారతీయ న్యాయసంహిత 143వ సెక్షన్‌లోనూ ఇదే కొనసాగింది. అవయవాల తొలగింపును మనుషుల అక్రమ రవాణాలో చేర్చిన ఐక్యరాజ్యసమితి 2000 నాటి పాలెర్మో ఒప్పందం ఈ మార్పుకు మూలం. ఈ సెక్షన్ కింద దాత నేరస్థుడు కాక బాధితుడవుతాడు. ‘బలవంతంగా’ అన్న మాట అప్పుల ఒత్తిడికి వర్తిస్తుందా అన్నది వాదించి తేల్చవలసిన విషయం. ఆ వాదన చేయవలసినవాడు ప్రభుత్వ న్యాయవాదే.

5. కాగితపు రోగి

మూత్రపిండాల వ్యాపారంలో మోసపోయేది శరీరం. పథకాల క్లెయిములలో మోసపోయేది ఖజానా. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ 2008 జులై నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. ప్రభుత్వాలతో పాటు పేర్లు మారినా పథకం స్వరూపం మారలేదు. కార్డు పట్టుకొని వచ్చిన రోగిని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర నమోదు చేస్తారు. పరీక్షల పత్రాలతో ముందస్తు అనుమతి కోరతారు. చికిత్స తరువాత ఫొటోలు, కేసుషీటు, డిశ్చార్జి పత్రం జతచేసి ఆసుపత్రి క్లెయిము పంపుతుంది. ట్రస్టు చెల్లిస్తుంది. నరసరావుపేట, గుంటూరు ఆసుపత్రులకు మాచర్ల, గురజాల ఊళ్ల నుంచి వచ్చే పేదలకు ఈ పథకం నిజమైన ఆసరా అయింది. అంతకుముందు గుండె శస్త్రచికిత్స అంటే పొలం అమ్మకమే. అందుకే ఈ పథకంలో జరిగే మోసాన్ని ఖజానాకు వచ్చిన నష్టంగా మాత్రమే చూడకూడదు. ఒక కాగితపు రోగికి చెల్లించిన మొత్తం మరో నిజమైన రోగికి అందవలసినది.

జాతీయ స్థాయిలో 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకంపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో ఇచ్చిన నివేదిక కాగితపు రోగి స్వరూపాన్ని అంకెలలో చూపింది. దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్లు అన్నీ తొమ్మిదులే ఉన్న ఒకే మొబైల్ నంబరుతో ముడిపడి ఉన్నాయి. చికిత్సలో మరణించినట్లు నమోదైన 88,760 మంది రోగులకు మళ్లీ చికిత్స జరిగినట్లు చూపే 2,14,923 క్లెయిములకు చెల్లింపులు జరిగాయని ఆడిట్ పేర్కొంది. వీటన్నింటినీ మోసాలని అనడం తొందరపాటే అవుతుంది. నమోదులో అజాగ్రత్త, తేదీల తప్పులు కూడా వీటిలో ఉండవచ్చు. పొరపాటుకు, మోసానికి మధ్య గీత గీసేది దురుద్దేశం. దానిని సందేహాతీతంగా నిరూపించవలసిన బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. ఆడిటర్ లోపాన్ని చూపి ఆగవచ్చు, ప్రాసిక్యూటర్ మాత్రం ఆ లోపం వెనక ఉన్న మనిషి ఉద్దేశాన్ని చూపాలి.

ముఖ్యమంత్రి సహాయనిధి కేసులు ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఈ నిధిలో రోగి ముందుగా ఆసుపత్రికి చెల్లించిన బిల్లులను ప్రజాప్రతినిధి సిఫారసుతో పంపి సాయం పొందుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో నకిలీ క్లెయిములపై అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసి అరెస్టులు చేసింది. తెలంగాణలో 2024 ఆగస్టులో 28 ప్రైవేటు ఆసుపత్రులపై సి.ఐ.డి. కేసులు పెట్టింది. చేయని చికిత్సకు బిల్లులు సృష్టించారన్నది అక్కడి ప్రధాన ఆరోపణ.

ఈ కేసులలో ప్రభుత్వ న్యాయవాది చేతిలో ఉన్న ఆయుధాలు 1860 నాటివే. మోసానికి 420, మోసం కోసం ఫోర్జరీకి 468, నకిలీ పత్రాన్ని నిజమైనదిగా వాడినందుకు 471, కుట్రకు 120–బి. తప్పుడు ధ్రువపత్రం ఇవ్వడాన్ని తప్పుడు సాక్ష్యంతో సమానం చేసిన 197వ సెక్షన్ కూడా ఉంది. 2024 జులై 1 నుంచి సంఖ్యలు మారినా నిర్వచనాలు దాదాపు అవే. ఒక మనిషి మరో మనిషిని మోసగించే సందర్భాన్ని ఊహించి రాసిన సెక్షన్లివి. వేలాది క్లెయిముల వరుసలో దాగిన మోసానికి ఇవి సరిగా అమరవు. ఒక్కో క్లెయిముకు ఒక్కో కేసుషీటు, సంతకం, సాక్షి కావాలి. ప్రభుత్వోద్యోగి పాత్ర ఉంటే అవినీతి నిరోధక చట్టం వర్తించి కేసు ప్రత్యేక న్యాయస్థానానికి వెళ్తుంది. మాచర్ల రోగి సాక్ష్యం చెప్పడానికి విజయవాడ వరకు ప్రయాణం చేయాలి. రోజు కూలి పోగొట్టుకొని, పదేపదే వాయిదాలకు తిరిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఇందువల్ల ట్రస్టులు సహజంగానే పాలనాపరమైన దారిని ఎంచుకుంటాయి. క్రమశిక్షణ సంఘం విచారణ జరిపి జరిమానా వేస్తుంది, చెల్లించిన మొత్తాన్ని వసూలు చేస్తుంది, ఆసుపత్రిని నెట్‌వర్క్ నుంచి తొలగిస్తుంది. ఇది వేగంగా జరుగుతుంది కాబట్టి ప్రయోజనకరమే. అయితే బహిరంగ విచారణ లేని చోట తీర్పు లేదు. తీర్పు లేని చోట చరిత్రకు ఆధారం కూడా మిగలదు.

6. కాగితపు రోగం

మూడవ రకం మోసంలో రోగి నిజం, శస్త్రచికిత్స నిజం, బిల్లు నిజం. అవసరం మాత్రమే అబద్ధం. తెలుగునాట దీనికి తెలిసిన ఉదాహరణ గర్భసంచి తొలగింపు. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా గ్రామీణ మహిళలలో జరిపిన అధ్యయనం, చిన్న వయసులోనే అవసరం లేని గర్భసంచి శస్త్రచికిత్సలు జరుగుతున్నాయని 2009లో వెలుగులోకి తెచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇటువంటి శస్త్రచికిత్సలపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఈ రకం కేసులో ప్రాసిక్యూటర్‌కు కాగితం నుంచి సాయం అందదు. కేసుషీటులోని ప్రతి గీతా శస్త్రచికిత్స అవసరమనే చెబుతుంది. అది అబద్ధమని చెప్పగలది మరో వైద్యుడు మాత్రమే. వృత్తిలోని వారు వృత్తిలోని వారికి వ్యతిరేకంగా బోనెక్కడం అరుదు. పల్నాడు వంటి ముఠా కక్షల ప్రాంతంలో ప్రాసిక్యూటర్లకు వైద్యుడు అలవాటైన సాక్షి. గాయం స్వల్పమా తీవ్రమా అన్న వైద్యుడి మాట మీదే కొట్లాట కేసులో సెక్షన్ ఆధారపడుతుంది. ప్రాసిక్యూషన్‌కు అండగా నిలిచే ఆ వైద్యుడి వృత్తినే నిందిత స్థానంలో నిలబెట్టి ప్రశ్నించడానికి వేరే శిక్షణ, వేరే నిపుణుల సాయం కావాలి.

7. ప్రభుత్వ న్యాయవాది ఎప్పుడు ప్రవేశిస్తాడు?

పై మూడు సందర్భాలలోనూ ఒక సమాన లక్షణం ఉంది. భారతీయ ప్రాసిక్యూటర్ కేసులోకి ఆలస్యంగా వస్తాడు. పోలీసు ఒత్తిడి నుంచి ప్రాసిక్యూటర్‌ను కాపాడాలన్న సదుద్దేశంతో న్యాయస్థానాలు ఈ దూరాన్ని పెంచాయి. ఎస్.బి. షహానే కేసులో 1995లో సుప్రీంకోర్టు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ నుంచి వేరుచేయాలని ఆదేశించింది. ఆర్. సరళ వర్సెస్ టి.ఎస్. వేలు కేసులో 2000లో, అభియోగపత్రం రూపకల్పన దర్యాప్తు అధికారి పని అని, అందులో ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలని ఆదేశించడం తగదని తేల్చింది. హత్య కేసులలో ఈ దూరం న్యాయానికి రక్షణ. లెక్కలు, వైద్యపత్రాలు, డిజిటల్ రికార్డులతో నిండిన మోసం కేసులలో మాత్రం అదే దూరం లోపంగా మారుతుంది. ఏ కేసుషీటు స్వాధీనం చేసుకోవాలి, ఎవరిని సాక్షిగా మలచుకోవాలి అన్నవి మొదటి వారంలో తీసుకోవలసిన నిర్ణయాలు.

అమెరికాతో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి నాసిరకం సరుకులు అమ్మిన కాంట్రాక్టర్లను ఎదుర్కోవడానికి అక్కడ 1863లో తప్పుడు క్లెయిముల చట్టం వచ్చింది. 1986 సవరణల తరువాత అదే చట్టం వైద్య మోసాలపై ప్రభుత్వ న్యాయవాదికి ప్రధాన సాధనమైంది. ప్రభుత్వం నష్టానికి మూడు రెట్లు రాబట్టవచ్చు. మోసాన్ని బయటపెట్టిన ఉద్యోగికి వసూలైన మొత్తంలో 15 నుంచి 30 శాతం వరకు వాటా దక్కుతుంది. 1996లో వైద్య మోసం ప్రత్యేక క్రిమినల్ నేరమైంది. 2007 మార్చిలో మయామీలో ప్రాసిక్యూటర్లు, దర్యాప్తు అధికారులు, లెక్కల విశ్లేషకులు కలిసి పనిచేసే మెడికేర్ మోసాల నిరోధక బృందం ఏర్పడింది. మరుసటి నెలలోనే ఇక్కడ ఆరోగ్యశ్రీ మొదలైంది. ఒకచోట పథకం వచ్చిన నాలుగు దశాబ్దాల తరువాత అటువంటి బృందం వచ్చింది. మరోచోట పథకం వచ్చి పద్దెనిమిదేళ్లు దాటినా ఆ సమన్వయం ఏర్పడలేదు. అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవాలని దీని భావం కాదు. అక్కడి సాక్షికి చట్టం బహుమతి ఇస్తుంది, ఇక్కడి సాక్షికి చట్టం శిక్ష చూపిస్తుంది. గమనించవలసిన తేడా ఇదే.

కొత్త సంహితలో ఒక మార్పు కనిపిస్తుంది. ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు 2005 సవరణతోనే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చోటు దక్కింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 20వ సెక్షన్ దాని విధులను వివరించింది. ఏడేళ్లు, అంతకుమించి పదేళ్లలోపు శిక్షపడే నేరాలలో పోలసు నివేదికను పరిశీలించే బాధ్యతను డిప్యూటీ డైరెక్టర్‌కు అప్పగించింది. మోసం, మోసం కోసం ఫోర్జరీ నేరాలకు గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. కనుక వైద్య మోసం కేసులు సరిగ్గా ఈ పరిధిలోకి వస్తాయి. న్యాయస్థానానికి వెళ్లకముందే కేసులోని ఖాళీలను న్యాయవాది చూసే అవకాశం చట్టబద్ధంగా ఏర్పడింది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. పల్నాడులో వైద్య మోసాల చరిత్ర వ్యవసాయ సంక్షోభ చరిత్రతో ముడిపడి ఉంది. రెంటచింతల ఉదంతాన్ని న్యాయచరిత్రలో భాగంగానూ చదవాలి.

2. కాగితపు బంధువు, కాగితపు రోగి, కాగితపు రోగం అన్న మూడు రూపాలలోనూ మోసం చెల్లేది పత్రాలకు ఉన్న నమ్మకం మీదే. స్థానిక రెవెన్యూ, వైద్య అధికారుల పరిశీలన బలపడినచోట మోసం ముందుగానే బయటపడుతుంది.

3. అవయవం అమ్ముకున్న పేదవాణ్ణి, కొన్నవారిని, దళారిని ఒకే నేరం కింద చేర్చడం వల్ల ప్రాసిక్యూషన్ తన ముఖ్య సాక్షిని కోల్పోతున్నది. క్షమాదానాన్ని, అక్రమ రవాణా సెక్షన్‌ను ఉపయోగించి దాతను బాధితుడిగా నిలబెట్టే వాదన ప్రస్తుత చట్టంలోనే సాధ్యం.

4. పథకాల క్లెయిములలో పాలనాపరమైన చర్యలకు పరిమితం కావడం వల్ల న్యాయస్థానంలో తీర్పుల పరంపర ఏర్పడలేదు. సివిల్ వసూలు, క్రిమినల్ విచారణ కలిసి సాగే ఏర్పాటు అవసరం.

5. దర్యాప్తు నుంచి ప్రాసిక్యూటర్‌ను దూరంగా ఉంచిన సూత్రాన్ని కాపాడుతూనే, 2023 సంహిత ఇచ్చిన పరిశీలనాధికారాన్ని వైద్య మోసం కేసులలో క్రమంగా వినియోగించవచ్చు.

అధీకృత సంఘం ముందు ‘అభిమానంతో ఇస్తున్నాను’ అని చెప్పిన వ్యక్తే, మూత్రపిండం పోయాక ‘డబ్బు కోసం ఇచ్చాను’ అని న్యాయస్థానంలో చెప్పవలసి వస్తుంది. మొదటి మాటను నమ్మిన వ్యవస్థ రెండవ మాటకు అతన్ని శిక్షించకుండా చూడగలిగినప్పుడే వైద్య మోసాలపై ప్రభుత్వ న్యాయవాది చేసే వాదనకు బలం చేకూరుతుంది.